నీళ్ళు తేటపడే దాకా

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తు ఇల్లు. మంచం మీద సగం సర్దిన బ్యాగు, బాత్రూం గుమ్మం దగ్గర ఉప్పునీళ్ళ బేసిన్. సాయంత్రం ఆసుపత్రిలో చేరవలసిన నిండు నెలల జ్యోతిక, ఆమె భర్త శ్రీకర్‌ను పెంచిన అమ్మమ్మ హనుమాయమ్మ.

“మల్ల తీసినవా అమ్మమ్మా? ఇప్పుడే కదా బ్యాగుల పెట్టిన.”

“ఏది?”

“ఏదంటవేంది. బొంత. నీ వెనక ఉన్నది కదా, ఎర్రగ కనపడుతనే ఉన్నది.”

“బ్యాగులో పట్టట్లేదని తీశాను. ఫైలు పెట్టుకున్నావా? ఆధార్ కార్డు? నైటీలు నాలుగు చాలవు, ఆరు పెట్టు.”

“పట్టకపోవుడేంది, చెయ్యి పెట్టి చూడు, ఇంకో బొంత పడుతది. జర ఇటియ్యి.”

“ఫ్లాస్కు పెట్టావా?”

“అమ్మమ్మా.”

“పిల్లాడి టోపీలు రెండూ ఉతికి మడతపెట్టాను. కుట్టు తలకి ఒత్తుకోకుండా తిరగేసి తొడుగు.”

“పిల్లాడో పిల్లనో ఇంక తెల్వదు. అన్నీ పెట్టిన. గీ బొంత ఒక్కటే బయట ఉన్నది. పొద్దటి సంది ఇది మూడోసారి, నేను పెట్టుడు, నువ్వు తీసుడు. శ్రీకర్ నాలుగింటికి కారు తెస్తడు. ఆయన ముందట మనకీ పంచాయితీ వద్దు.”

“వాడొచ్చేలోపు తేలిపోతుంది.”

“ఏం తేలిపోతది?”

“నువ్వా కుర్చీలో కూర్చో ముందు. కాళ్ళు చూడు ఎలా వాచాయో. వేలితో నొక్కితే గుంట పడుతోంది.”

“కూసుంట. కూసొని ఒకటి అడుగుత, సీదా చెప్పు. మా అమ్మ కుట్టిందని వద్దా?”

“ఏం మాటలమ్మా అవి.”

“మరేంది? మీ ఆంధ్రోళ్ళు కాన్పుకు పోతే తెల్ల దుప్పటి, ఇస్త్రీ టవళ్ళు తీస్కపోతరేమో. మా ఇంట్ల అట్ల కాదు. పుట్టింటి బొంత మీద పండాలె బాలింత. మా నాయనమ్మ మా అమ్మకు కుట్టింది, మా అమ్మ నాకు కుట్టింది. తుర్కయంజాల్ల ఇంటికాడ మిషన్ ఉండంగ కూడ ముట్టలే. రెండు నెలలు చేతితోనే కుట్టింది, కండ్లల్ల నీళ్ళు కారుతున్నా ఆపలే.”

“కుట్టు నాకు తెలియదా. నేనూ కుట్టినదాన్నేగా. మీ అమ్మ కుట్టు నా కుట్టుకంటే సన్నం. వరస ఎక్కడా తప్పలేదు. బొంతకి వంకేం లేదు.”

“మరి దేనికి వంక?”

“ఎరుపుకి. ఎర్రది నీ కింద వద్దు.”

“లచ్చిందేవి రంగు అది.”

“అవును. నడుమ వేసిన ఆ ఎర్ర గుడ్డ కొత్తది. ఉతికి కుట్టిందో, అలాగే కుట్టిందో.”

“అబ్బ, మల్ల ఉతుకుడు ముచ్చట. నువ్వు కర్చీఫ్ కొన్నా మూడు నీళ్ళల్ల ముంచుతవ్. కింది పోర్షన్ సైదమ్మ ఏమంటదో తెలుసా, మీ అమ్మమ్మ ఉప్పు కూరల కన్న బట్టలకే ఎక్కువ వేస్తది అంటది.”

“అననీ.”

“నవ్వులాటకు కాదు. మొన్న శ్రీకర్ పుట్టినరోజు, ఆగస్టు ఇరవై మూడు, మేమందరం కేక్ తింటుంటే నువ్వు బాత్రూంల పీట వేసుకొని దిండు గలీబులు నానబెట్టుకుంట కూసున్నవ్. ఏటా గంతేనట కదా. నా పుట్టినరోజు నాడే ఎందుకు ఉతుకుతది అని ఆయన నన్ను అడుగుతడు. నాకేం తెలుసు చెప్పనీకి.”

“ఆ రోజు నీళ్ళు బాగా వచ్చాయి.”

“నీళ్ళు రోజూ వస్తనే ఉన్నయ్.”

“ఇప్పుడొస్తున్నాయి.”

“గోడ మీద బిందుమాధవి అత్తమ్మ ఫోటో చూస్తే అనిపిస్తది, ఆమె ఉంటే నా దిక్కు మాట్లాడేది. శ్రీకర్‌కు రెండేండ్లప్పుడు గా కామెర్లు రాకుంటే ఇయ్యాల ఆమెనే నా బ్యాగు సర్దేది. మామయ్య ఇంకో పెండ్లి చేసుకొని పోకుంటుండె, నువ్వూ తాతయ్యా గింత కష్టపడకపోతుంటిరి.”

“పాత మాటలు ఇప్పుడెందుకు.”

“ఒక్కటి మాత్రం నాకు అర్థం కాదు. రెండేండ్లు పెంచింది కదా. కొడుకును ఎత్తుకున్న ఫోటో ఒక్కటన్న లేదేంది?”

“అప్పట్లో మాకు కెమెరా ఏది. మీ అమ్మకి ఫోన్ చెయ్యి. ఎర్ర గుడ్డ ఉతికిందో లేదో అడుగు.”

“అడిగితే ఏమనుకుంటది?”

“నేను అడుగుతాను. స్పీకర్ పెట్టు.”

“హలో, అమ్మా, నేనే. అమ్మమ్మ ఏందో అడుగుతదట.”

“ఏమైంది బిడ్డా, నొప్పులు మొదలైనయా? నేను చీరె కట్టుకున్న, మీ నాయిన ఆటో మాట్లాడుతున్నడు, చెప్పు ఒకటే దొరికింది—”

“నొప్పులు లేవే, పరేషాన్ గాకు. బొంత గురించి.”

“పెంటమ్మగారూ, నేను హనుమాయమ్మని. బొంత చాలా బాగుందమ్మా. ఆ నడుమ ఎర్ర గుడ్డ ఉంది చూడండి, అది ముందు తడిపి, గంజి తీసి కుట్టారా?”

“పాత చీరెలన్నీ ఉడకబెట్టి ఉతికిన పెద్దమ్మా. మా అత్త చీరె ఒకటి, నావి మూడు. గా ఎర్రది కొత్తది కదా. దిల్‌సుఖ్‌నగర్ల మీటర్ల లెక్కన చింపిచ్చుకొచ్చిన. కొత్తదాన్ని ఎవరన్న ఉతుకుతరా? నీళ్ళు తాకితే కళ పోతది.”

“ఉతక్కపోతే కొత్తది తర్వాత ముడుచుకుంటుందమ్మా. పాతవి ముడుచుకోవు. బొంత వంకర పోతుంది.”

“పోతే పోనియ్. సీదా చెప్పున్రి పెద్దమ్మా, మా చేతి బొంత పనికిరాదా? గట్లుంటే నేనే వచ్చి తీస్కపోత.”

“అయ్యో, అలా అనకండి.”

“నేను ఐదింటికి ఎల్బీ నగర్ దవాఖాన కాడికి వస్త. నా బిడ్డ కింద నా బొంత ఉండాలె. ఇంకేం అడగ మిమ్మల్ని. పిల్లను మీ ఇంటికిచ్చిన, గీ ఒక్కటి అడుగుతున్న.”

“రండి తల్లీ. అక్కడ మాట్లాడుకుందాం. ఆ రెండో చెప్పు మంచం కింద చూడండి.”

“అయిందా అమ్మమ్మా? ఇప్పుడు దారి పొడుగు ఏడ్చుకుంట వస్తది. నీకు సంతోషమా?”

“సంతోషం కాదు. నేను చెంబుతో నీళ్ళు ఇస్తాను, వెలుతురులో పెట్టి చూడు.”

“ఏం నీళ్ళు?”

“ఆ బేసిన్లోవి. మీ అమ్మ బొంతకి కట్టు కట్టి పంపింది కదా, ఆ పేలిక అదే ఎర్ర గుడ్డది. పొద్దున ఏడింటికి గుప్పెడు రాళ్ళుప్పు వేసి, ఒక తెల్లగుడ్డ ముక్కతో కలిపి నానబెట్టాను. రంగు దిగే గుడ్డయితే తెల్లది ఎర్రబడుతుంది. చూడు.”

“నువ్వే చూడొచ్చు కదా.”

“నాకు ఎప్పుడూ ఎర్రగానే కనపడతాయి. నా కళ్ళు నేను నమ్మను. నువ్వు చూసి చెప్పు.”

“తేటగనే ఉన్నయ్.”

“కిటికీ దగ్గర పెట్టి చూడు.”

“తేటగ ఉన్నయ్ అమ్మమ్మా. ఉప్పు లేకుంటే తాగొచ్చు.”

“తెల్లగుడ్డ?”

“తెల్లగనే ఉన్నది. ఇగో, పిండిన. ఎర్రదాని మీద రుద్దిన కూడ. ఒక్క చుక్క దిగలే. చూసినవా, మా అమ్మ మంచి గుడ్డనే తెచ్చింది. ఇగ బొంత ఇటియ్యి. అమ్మమ్మా? గా పేలిక మల్ల నీళ్ళల్ల ముంచుతున్నవేంది?”

“ఏం లేదు.”

“కూసో నా పక్కన. రంగు దిగుతదని కదా నీ భయం. దిగలేదంటే మొఖం గట్లైతదేంది?”

“దిగితే మళ్ళీ ఉతకొచ్చు. ఇంకోసారి ఉతకొచ్చు. ఆ గుడ్డా దిగలేదు.”

“ఏ గుడ్డ?”

“ఏదో పాతది. ఛార్జర్ పెట్టుకున్నావా?”

“అమ్మమ్మా, ఇగ ఇను. ఆ గుడ్డ ముచ్చట చెప్పు, బొంత ఇక్కడ్నే ఇడిచిపెట్టి పోత. మా అమ్మకు నేనే నచ్చజెప్పుకుంట. చెప్పకుంటే బొంతతోనే పోత.”

“కాన్పుకి వెళ్ళే పిల్లకి చెప్పే మాట కాదు.”

“కాన్పుకు పోయేది నేనే కదా. నాకు కాకుంటే ఎవరికి చెప్తవ్?”

“కొత్తపేటలో ఉన్నప్పుడు బొంతలు కుట్టేదాన్ని. చుట్టుపక్కల ఎవరికి నెలలు నిండినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒక పిల్లకి కుట్టాను.”

“ఎవరి పిల్ల?”

“ఒక పిల్ల. ఇరవై రెండేళ్ళు. మొదటి కాన్పు. నడుమ ఎర్రది వెయ్యమని, చుట్టూ చిన్నచిన్న ముక్కలు వెయ్యమని తనే చెప్పి కుట్టించుకుంది. నేను ఏ గుడ్డా ఉతక్కుండా సూది గుచ్చేదాన్ని కాదు. మా అమ్మ నేర్పింది. ఎరుపు విడిగా, నీలం విడిగా, పసుపు విడిగా. ఒక్కో గుడ్డా నీళ్ళు తేటపడే దాకా. ఆ ఒక్కదాన్నే ఉతకలేదు.”

“ఎందుకు?”

“నీళ్ళు లేవు. నాలుగు రోజులకోసారి వచ్చేది నల్లా, ఆ వారం అదీ రాలేదు. ట్యాంకర్ దగ్గర బిందెలతో కొట్టుకునేవాళ్ళం. ఎర్ర గుడ్డ తేటపడాలంటే నాలుగు బకెట్లు పోతాయి. ఆ నాలుగు బకెట్లు వంటకీ స్నానాలకీ దాచాను. పైగా ముసురు, ఉతికినా ఆరదు. ఒక్క గుడ్డే కదా, పురుడయ్యాక ఉతుకుదాంలే అనుకుని కుట్టేశాను.”

“గంతదానికి ఎవరు తప్పు పడుతరు?”

“ఆదివారం పొద్దున బ్యాగు సర్దుకుని ఆటో ఎక్కాం. పళ్ళ మార్కెట్ ముందు బత్తాయి లారీలు అడ్డం. ఇప్పుడంటే మార్కెట్టు బాటసింగారం పోయింది, అప్పుడు ఆ రోడ్డంతా లారీలే. ఆటో కదలదు. పిల్ల నా భుజం మీద తల పెట్టి, బత్తాయి వాసన బాగుందే అంది, వచ్చేటప్పుడు కొనుక్కుందాం అంది—”

“నీ భుజం మీదనా?”

“వాళ్ళమ్మ భుజం మీద. నేను తోడు వెళ్ళాను.”

“ఊఁ. చెప్పు.”

“పదకొండింటికి కాన్పయింది. మామూలు కాన్పే. మగపిల్లాడు. మంచం మీద బొంత పరిచి దాన్ని పడుకోబెట్టారు. అందరం పిల్లాడి చుట్టూ చేరాం. ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి. పిల్లాడు పుట్టాక తల్లిని ఎవరు చూస్తారు.”

“నన్ను చూడాలె అమ్మమ్మా. ఇప్పుడే చెప్తున్న.”

“నిన్నే చూస్తాను. పిల్లాడి ముఖం మర్నాడు చూస్తాను.”

“తర్వాత?”

“ఆయా వచ్చింది. మంచం మీద పరిచిన దుప్పటి తెల్లది. బొంత దాటి దాని మీదికి వచ్చింది ఎరుపు. ఇదేంటమ్మా, అంచు ఎర్రగా ఉంది అని అడిగింది. వాళ్ళమ్మ చూసింది. కొత్త గుడ్డమ్మా, ఉతకలేదు, తడికి రంగు దిగుతోంది అంది.”

“అంటే?”

“ఆయా సరేనని వెళ్ళిపోయింది. తప్పు ఆయాది కాదు, అడిగింది కదా. కన్నతల్లి చెబితే నమ్మదా.”

“అమ్మమ్మా, అది రంగు కాదా?”

“చలేస్తోంది అంది పిల్ల. ముసురు కదా అనుకుని ఆ బొంత అంచే లాగి కాళ్ళ మీద కప్పారు. దాహం అంది. రెండు గుక్కలు పోశారు. కింద తడిగా ఉందమ్మా అంది. రంగేలే, ఇంటికెళ్ళాక ఉతుకుతాను పడుకో అంది తల్లి. ఇంటికెళ్ళాక ఉతుకుతాను అంది.”

“గా తల్లికి బుద్ధి లేదా? రంగుకూ రక్తానికీ ఫరక్ తెల్వదా? ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుండె కదా.”

“లేదు. బుద్ధి లేదు.”

“మా అమ్మయితే నిమిషంల పట్టుకునేది. పక్కనే కూసొని, బిడ్డ చలి అంటుంటె, తడి అంటుంటె... ఛీ. బతికున్నదా గామె?”

“బతికే ఉంది.”

“ఎట్ల బతుకుతున్నదో.”

“అలాగే. ఏదో పని చేసుకుంటూ.”

“ఎంతసేపు చూడలే ఎవరూ?”

“గంటన్నర. డాక్టరమ్మ వచ్చి చెయ్యి పట్టుకు చూసి, బొంత లాగి కింద పారేసింది. అప్పుడు పరుగులు పెట్టారు. రక్తం కోసం స్కూటర్ మీద మనిషిని పంపారు. ఆ లారీల్లోంచి వెళ్ళి, మళ్ళీ ఆ లారీల్లోంచే రావాలి. సీసా తెచ్చేసరికి అయిపోయింది. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. మెట్రోకి రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. నేను చూడ్డానికి వెళ్ళాను. మేడ మీద ఆ గది గోడ ఒక్కటి రెండు రోజులు నిలబడి ఉంది, నీలం రంగు గోడ.”

“బొంత ఏమైంది?”

“పారెయ్యబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. పదకొండో రోజు వెళ్ళాక నల్లా వచ్చింది. నిండుగా వచ్చింది ఆ రోజు, వద్దన్నా ఆగకుండా. కుట్లన్నీ విప్పి ఎర్ర గుడ్డ వేరు చేశాను. మొదటి నీళ్ళు, రెండో నీళ్ళు, మూడో నీళ్ళు పారబోశాను. అవి గుడ్డవి కావు. ఆ తర్వాత ఉప్పు వేసి, తెల్లగుడ్డ ముక్క వేసి, సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాను. కాస్తయినా దిగుతుందేమో, కాస్తయినా రంగు ఉండి ఉంటుందేమో అని. తెల్లది తెల్లగానే ఉంది. ఒక్క చుక్క దిగలేదు జ్యోతికా. అది దిగే గుడ్డే కాదు.”

“అంటే ముందుగాల్నే ఉతికి ఉంటే—”

“తెలిసేది. ఇది రంగు దిగదు అని చేతికి తెలిసి ఉండేది. ఆయా అడగ్గానే, రంగు కాదమ్మా, డాక్టర్ని పిలువు అని నోటికి వచ్చేది. నాలుగు బకెట్ల నీళ్ళు. అందుకు ఉతుకుతాను. రంగు పోగొట్టడానికి కాదు, ఏది రంగో ఏది కాదో తెలియడానికి.”

“ఇగో అమ్మమ్మా, బొంత అల్మారల పెట్టిన. తెల్ల దుప్పట్లు ఎక్కడున్నయ్?”

“పై అరలో. నాలుగు ఉతికి ఉంచాను, నాలుగూ పెట్టుకో. నీ కింద తెల్లదే వెయ్యాలి. బొంత పురుడు నీళ్ళయ్యాక ఇద్దరికీ కప్పుదాం, మీ అమ్మ చేతే కప్పిద్దాం. అక్కడ ఎర్రగా ఏది కనపడ్డా, అదేం కాదులే అని ఎవరన్నా వినకు. నర్సుని పిలిపించు. నేను చెప్పినా వినకు.”

“వినను.”

“ఇంకోసారి చెప్పు.”

“నువ్వు చెప్పినా వినను. నర్సును పిలుస్త.”

“ఊఁ.”

“గా పిల్లగాడు ఎక్కడున్నడు ఇప్పుడు?”

“ఇక్కడే. పెద్దవాడయ్యాడు.”

“ఆయనకు తెలుసా?”

“తెలియనివ్వలేదు. పుడుతూనే తల్లిని మింగాడని వాణ్ణి ఎవరూ అనకూడదని ఇల్లు మారిపోయారు. రెండేళ్ళ పిల్లాడప్పుడు జబ్బు చేసి పోయిందని చెప్పుకున్నారు.”

“ఏం జబ్బు?”

“ఏదో ఒకటి.”

“అమ్మమ్మా, నా దిక్కు చూడు. కామెర్లని చెప్పిన్రా?”

“కింద హారన్ వినపడింది. వాడొచ్చినట్టున్నాడు. బ్యాగు జిప్పు వెయ్యి.”

“రానీ. నేను బుద్ధి లేదన్న, ఛీ అన్న... అమ్మమ్మా, గా పిల్ల పేరేంది?”

“బిందుమాధవి. నా కూతురు. తొంభై ఎనిమిది ఆగస్టు ఇరవై మూడు, ఆదివారం పొద్దున కాన్పుకి వెళ్ళింది, తిరిగి ఇంటికి రాలేదు.”